అమియోడరోన్ వాడుతున్న నాన్నకు చూపు తగ్గుతోంది, మాత్ర ఆపేయాలా?

ప్రశ్న

నాన్నకు 68 ఏళ్లు. గుండె లయ తప్పుతోందని ఎనిమిది నెలలుగా రోజూ 200 మిల్లీగ్రాముల అమియోడరోన్ మాత్ర వేసుకుంటున్నారు. దడ పూర్తిగా తగ్గింది, ఆ మాట ముందే చెప్పాలి. అయితే నెల రోజులుగా కంచంలో తనవైపు వడ్డించిన కూరను ముట్టుకోవడం లేదు. రుచించలేదేమో అనుకున్నాను. నిన్న “కూర వేయలేదేమమ్మా?” అని అడిగారు. నా గుండె జారిపోయింది. రెండు కళ్లకూ కింది భాగం మసకగా ఉందట. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. ఒక కంటి డాక్టరు శుక్లాలన్నారు. మరొకరు కంటి నరం వాచిందని, ఈ మాత్ర వల్ల కావచ్చని అన్నారు. ఈ రాత్రే ఆపేయనా?

జవాబు (మందుల దుకాణంలో ఫార్మసిస్టును)

మీ అంతట మీరు ఆపకండమ్మా. లయ మళ్లీ తప్పితే ప్రాణం మీదికి రావచ్చు. రేపు ఉదయమే కంటి డాక్టరు రాసిన కాగితంతో గుండె డాక్టరును కలవండి. తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి ఉన్నాయేమో నాన్నగారిని అడగండి. ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, అది వేరే జబ్బు కావచ్చు. ఈ మందు వాడేవారిలో చాలామందికి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద సుడిలాంటి గీతలు ఏర్పడతాయి, వాటితో చూపు పోవడం అరుదు. నరం వాపు అలాంటిది కాదు. కొద్దిమందికే వస్తుంది కానీ చూపును దెబ్బతీస్తుంది.

జవాబు

మా అమ్మకూ ఇదే జరిగింది. రక్తం అందక నరం దెబ్బతింటే మామూలుగా ఒక కంట్లో, హఠాత్తుగా తెలుస్తుందట. అమ్మకు రెండు కళ్లూ మెల్లగా మసకబారాయి. మందు మార్చాక కూడా వాపు నాలుగు నెలలు ఉంది. ఆ మందు ఒంటి కొవ్వులో నిలిచి, నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికి పోతుందని చెప్పారు. పోయిన చూపు రాలేదు, మిగిలింది నిలిచింది. ఆలస్యం చేయకండి.

ప్రశ్న అడిగినవారు

తలనొప్పి, దవడ నొప్పి లేవు. డాక్టర్లిద్దరూ మా ఎదుటే ఫోనులో మాట్లాడుకున్నారు. ఆ మాత్ర ఆపి మరొకటి రాశారు. చూపు ఎంత మేర ఉందో చూసే పరీక్షలో రెండు కళ్లకూ కింది సగం నల్లగా వచ్చింది. ఆ కాగితం చూసి ఏడుపు ఆపుకోలేకపోయాను. ఎనిమిది నెలల్లో థైరాయిడ్, కాలేయ పరీక్షలు చేయించారు, కళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. ఈ మాత్ర మొదలుపెట్టేవారు ముందే కళ్లు చూపించుకోండి, వాడుతున్నంతకాలం చూపించుకుంటూ ఉండండి.

ఇవాళ కూర కంచంలో అవతలి అంచున వడ్డించాను. నాన్న మొత్తం తిన్నారు.