బాత్‌రూము టైల్స్ సందులు రంగు మారితే యాసిడ్‌తో కడగాలా, గీకించి ఎపాక్సీ నింపించాలా?

కూకట్‌పల్లి నివాసి: మా బాత్‌రూములో అడుగు చదరపు సిరామిక్ టైల్స్ ఉన్నాయి. సందుల్లో నింపిన తెల్ల సిమెంటు షవరు కింద నల్లగాను, నీళ్లు బయటికి పోయే నానీ ట్రాప్ చుట్టూ ఇటుక రంగులోను మారింది. యాసిడ్ పోసి రుద్దితే గంటలో తెల్లబడుతుందని ఇంట్లో పనిచేసే ఆవిడ, అంతా గీకేసి ఎపాక్సీ అనే రెసిను మిశ్రమం నింపితే మళ్లీ చూసుకోనక్కరలేదని మేస్త్రి అంటున్నారు. ఏది సరైనదో కారణంతో సహా చెప్పగలరు.

రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు: యాసిడ్ వద్దండి. గట్టిపడిన సిమెంటులో ఉండే కాల్షియం హైడ్రాక్సైడు, గాలి తగిలి దాని నుంచి ఏర్పడే కాల్షియం కార్బొనేటు, రెండూ ఆ యాసిడ్‌లో, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిపోతాయి. బుసబుసమని నురగ వస్తే మురికి పోతోందని సంతోషిస్తాం కానీ, పోతున్నది సిమెంటు పైపొర. తెల్లగా కనిపించేది దాని కింద బయటపడిన కొత్త పొర. అది మరింత గరుకుగా ఉంటుంది కాబట్టి సబ్బు జిడ్డును ఇంకా తొందరగా పట్టుకుంటుంది. అందుకే యాసిడ్ అలవాటైన ఇళ్లలో ఏటేటా సందులు లోతవుతూ పోతాయి.

అనంతపురం గృహిణి: మాస్టారి మాట పుస్తకంలో బాగుంటుంది. మాది బోరు నీరు. ఆరిన ప్రతిచోటా తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుంది, అది సబ్బుకూ సోడాకూ కదలదు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతోనైనా కడగక తప్పదు, మరి అదీ ఆమ్లమే కదా?

రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు: ఉప్పు పొర విషయంలో మీ అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను. బలహీనమైన ఆమ్లాన్ని పలచగా, అప్పుడప్పుడు మాత్రమే వాడవచ్చు. అయితే ముందుగా సందులను మంచినీటితో బాగా తడిపితే ఆమ్లం లోపలికి ఇంకదు, వెంటనే కడిగేస్తే నష్టం తక్కువ. ప్రశ్న అడిగినవారి సమస్య మాత్రం వేరు. షవరు కింది నలుపు సబ్బు జిడ్డు మీద బతికే బూజు అయివుంటుంది. వేడినీటిలో కరిగించిన సోడియం పెర్‌కార్బొనేటును పావుగంట నాననిచ్చి నైలాన్ బ్రష్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. ఇటుక రంగు మాత్రం నీటిలోని ఇనుము. దానికి బ్లీచింగ్ పౌడరు వాడితే మరక వదలదు సరికదా, ఇంకా ముదురుతుంది. తుప్పు మరకకు ఆక్సాలిక్ ఆమ్లం పనిచేస్తుంది. అది విషపదార్థం కనుక చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, పిల్లలు దగ్గరకు రాకూడదు. ఇంకొక మాట: యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపకండి, కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు మూసి ఉన్న బాత్‌రూములో ప్రాణాల మీదికి తెస్తుంది.

టైల్స్ కాంట్రాక్టరు, విజయవాడ: ఎన్నిసార్లు శుభ్రం చేసినా సిమెంటు నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. రెసిను, దాన్ని గట్టిపరిచే హార్డెనరు కలిపి నింపే ఎపాక్సీ పీల్చదు, ఆమ్లాలకూ తట్టుకుంటుంది. ఖర్చు సిమెంటు గ్రౌట్ (సందుల్లో నింపే పదార్థం) కంటే ఎన్నో రెట్లు ఎక్కువే, అయినా నా ఓటు దానికే. కానీ మేస్త్రి చెప్పని సంగతులు రెండున్నాయి. పాత గ్రౌట్‌ను కనీసం మూడింట రెండు వంతుల లోతుకు తీయాలి. పైపైన గీకి పూసిన ఎపాక్సీ పెచ్చులుగా ఊడుతుంది. మన దగ్గర చాలా ఇళ్లలో సందు సమానంగా ఉంచే స్పేసర్లు లేకుండా టైల్స్‌ను ఆనించి పరుస్తారు. అంత సన్నటి సందులో కటింగ్ మిషన్ పెడితే టైలు అంచు చిట్లుతుంది, అలాంటిచోట నేను పని ఒప్పుకోను. మిషన్ సందులో సాఫీగా దూరితేనే ముందుకెళ్లండి.

అనంతపురం గృహిణి: అంత ఖర్చుపెట్టాక నలుపు రాదని హామీ ఇస్తారా?

టైల్స్ కాంట్రాక్టరు, విజయవాడ: ఇవ్వను. వాటం సరిగా లేక నీళ్లు నిలిచే నేల మీద సబ్బు జిడ్డు చేరి ఎపాక్సీ మీద కూడా బూజు పడుతుంది. తేడా ఏమిటంటే అది పైనే ఉంటుంది, బ్రష్‌కు పోతుంది. కింది ఇంటి సీలింగ్‌లో చెమ్మ ఉంటే దానికీ గ్రౌట్‌కూ ముడిపెట్టకండి. వాటర్‌ప్రూఫింగ్ టైలు కింద ఉండాల్సిన పొర, సందుల్లో నింపేది కాదు.

కూకట్‌పల్లి నివాసి: ఇప్పుడే షవరు కింద చెంబుడు నీళ్లు పోసి చూశాను, సగం నానీ ట్రాప్ వైపు పోయాయి, మిగతావి గోడ మూలలో నిలిచాయి. అక్కడే నలుపు ఎక్కువ. ముందు మాస్టారు చెప్పినట్టు శుభ్రం చేస్తాను. మేస్త్రిని ఎపాక్సీ ధర కాకుండా, ఆ మూల నాలుగు టైల్స్ లేపి వాటం సరిచేయడానికి ఎంతవుతుందో అడుగుతాను.