రోల్డ్‌గోల్డ్ కమ్మలు పడని పిల్లకు స్టీల్ క్లిప్పులు వేయించొచ్చా?

మిర్యాలగూడ నాన్న

మా అమ్మాయికి 13 ఏళ్లు. పై వరస పళ్లు ముందుకొచ్చాయి, క్లిప్పులు వేయించాలన్నారు. రెండేళ్లు పడుతుందట. నా భయం డబ్బు గురించి కాదు. పోయిన దసరాకి రోల్డ్‌గోల్డ్ కమ్మలు పెట్టుకుంటే రెండో రోజుకే చెవి తమ్మెలు ఎర్రబడి రసి కారాయి. అవి తీసేసి బంగారు పోగులు పెడితే వారంలో మానింది. జీన్స్ గుండీ తగిలే చోట బొడ్డు కింద రూపాయి బిళ్లంత గరుకు మచ్చ కూడా ఉంది. నికెల్ పడదేమోనని మందుల షాపాయన అన్నాడు. పళ్ల డాక్టర్‌ని అడిగితే "స్టెయిన్‌లెస్ స్టీలండీ, తుప్పు పట్టదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా బావమరిదేమో రెండేళ్లు ఉమ్ములో నానే లోహానికి తుప్పు ఎందుకు పట్టదంటాడు. ఎవరి మాట నమ్మాలి? ఇంకో సంగతి, మాది నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ క్లిప్పుల వైరును తినేస్తుందని చదివాను. ఆ టెన్షన్ కూడా ఉంది.

పాత మెటలర్జిస్ట్, హైదరాబాద్

తమ్ముడూ, మీ డాక్టర్ చెప్పింది ముప్పాతిక నిజం. క్లిప్పులకు వాడే స్టీలులో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. మన వంటింటి మంచి స్టీలు గిన్నెదీ ఇదే జాతి. తుప్పును ఆపేది క్రోమియం. గాలి తగలగానే అది పైన ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లే. గీత పడినా ఆక్సిజన్ అందితే చాలు, తనంతట తానే పూడుకుంటుంది.

మిగిలిన పాతిక ఏమిటంటే, అదే గిన్నెలో ఉప్పునీళ్లు నిలవ ఉంచితే అడుగున సన్నగా చుక్కలు పడతాయి. ఉప్పులోని క్లోరైడ్ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. నోట్లో ఉప్పు ఉంది, పులుపు ఉంది. క్లిప్పు అడుగుకీ పంటికీ మధ్య సందులో, పాచి కింద ఆక్సిజన్ అందదు. పొర పూడుకోలేని చోటు అదే. అలాంటి చోట క్లిప్పు అడుగు తినేసి పంటి మీద గోధుమరంగు మరక పడిన కేసులు ఉన్నాయి.

అయినా పరిమాణం చూడండి. 1983లో ప్రయోగశాలలో నోటి నిండా సరిపడే క్లిప్పుల సెట్టును ఉప్పుద్రావణంలో ఉంచి కొలిస్తే, రోజుకు సుమారు 40 మైక్రోగ్రాముల నికెల్ బయటికొచ్చింది. మనం తినే తిండిలోనే రోజూ అంతకన్నా ఎక్కువ నికెల్ వెళ్తుంది. నిశ్చింతగా స్టీలే వేయించండి.

గుంటూరు కోడలు

నేను ఒప్పుకోను. తిండిలో నికెల్ కడుపులోకి పోతుంది. క్లిప్పు నుంచి వచ్చేది రెండేళ్ల పాటు ఒకే చోట చిగురును ఆనుకుని ఉంటుంది. రెండూ ఒకటెలా అవుతాయి అన్నయ్యా?

నా సంగతి చెప్తాను. నాకూ గాజులు, వాచీ బెల్టు బకిల్ పడవు. ఆరేళ్ల క్రితం దవడ పన్నుకి క్యాప్ వేశారు. ఏ లోహమో వాళ్లు చెప్పలేదు, అడగాలని నాకూ తెలియలేదు. నెల తిరగకుండా ఆ పక్క చిగురు ఉబ్బింది, బుగ్గ లోపల మంట, పెదవి మూలలు పగిలాయి. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ "బ్రష్ సరిగా చేయడం లేదు" అన్నారు. ఏడాదిన్నర తర్వాత వేరే ఊళ్లో డాక్టరమ్మ దాన్ని కోసి తీశారు. తీసిన క్యాప్ లోపలి అంచు అరచేతిలో పెట్టుకుని చూశాను. నల్లగా, సూదితో పొడిచినట్టు గుంటలు. లోహం లేని జిర్కోనియా క్యాప్ వేశాక రెండు వారాల్లో మంట పోయింది. సగటున 40 మైక్రోగ్రాములు అంటే పడేవాళ్లకి సరే. పడనివాళ్లకి ఆ సగటుతో ఏం పని?

క్యాప్‌ల ల్యాబ్, విజయవాడ

అక్కా, మీ క్యాప్ నికెల్-క్రోమియం అయి ఉండొచ్చు. పింగాణీ క్యాప్ కింద తక్కువ ధరకు వేసే లోహం అదే. కానీ చిగురు దగ్గర నల్లగీత కనిపించినంత మాత్రాన తుప్పు అనుకోకూడదు. చాలాసార్లు చిగురు కిందికి దిగి లోహపు అంచు బయటపడుతుంది. మీరు చూసిన గుంటలు మాత్రం వేరే. వాటి గురించి ల్యాబ్ మనిషిగా నాకు తెలిసింది చెప్పాలి.

పోత పోశాక గొట్టంలో మిగిలిన ముద్దను మేం బటన్ అంటాం. దాన్ని పారేయకుండా కొత్త లోహంతో కలిపి మళ్లీ కరిగించే అలవాటు చాలాచోట్ల ఉంది. కరిగించిన ప్రతిసారీ లోహం పాళ్లు కొంచెం మారతాయి, ఆక్సైడ్ మడ్డి చేరుతుంది. పాలిష్ కూడా హడావిడిగా చేస్తే ఉపరితలం గరుకుగా ఉండి పాచి పడుతుంది. దాని కింద గుంటలు మొదలవుతాయి. లోహంలో క్రోమియం తక్కువైతే ఇంకా త్వరగా.

క్యాపుల లోహాలకు ఐఎస్ఓ 22674 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. లాక్టిక్ ఆమ్లం, ఉప్పు కలిపిన నీళ్లలో 37 డిగ్రీల దగ్గర 7 రోజులు నానబెడతారు. ఉప్పేసిన పుల్లమజ్జిగలో ఉండేవి ఆ రెండే, కాకపోతే ఆ ద్రావణం పీహెచ్ 2.3, మజ్జిగ కన్నా చాలా పులుపు. చదరపు సెంటీమీటరుకు 200 మైక్రోగ్రాములకు మించి కరగకూడదు. నికెల్ 0.1 శాతం దాటితే ప్యాకెట్ మీద రాయాలి. బెరీలియం అనే లోహం 0.02 శాతం దాటకూడదు. ఈ బెరీలియం రోగికన్నా దుమ్ము పీల్చే మాకు ప్రమాదం. క్యాప్ వేయించుకునే ప్రతివాళ్లూ ఆ ప్యాకెట్ చూపించమని అడగండి, దయచేసి. ఎవరూ అడగనందువల్లే ఏ లోహమైనా నడుస్తోంది.

నాన్నగారూ, మీ అమ్మాయి క్లిప్పులు కంపెనీ నుంచి తయారై వస్తాయి, మా ల్యాబ్‌లో పోసేవి కావు. కానీ దవడ వెడల్పు చేసే పరికరం కూడా చెప్పారేమో కనుక్కోండి. అందులో వెండి సోల్డర్ అతుకులుంటాయి. ఆ అతుకులో రాగి, జింక్ ఉంటాయి, స్టీలు పక్కన ముందు కరిగేది అతుకే. లేజర్ వెల్డింగ్ చేసినవి అడగొచ్చు.

ఆర్థో పీజీ, తిరుపతి

పళ్ల వరస సరిచేసే ఆర్థోడాంటిక్స్ శాఖలోనే నేను పీజీ చదువుతున్నాను. ముందు ఫ్లోరైడ్ సంగతి. క్లిప్పుల్లో మొదట్లో వేసే సన్నటి, ఎంత వంచినా మళ్లీ పాత ఆకారానికి వచ్చే వైరు నైటినాల్. 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టిన లోహం. దాని బరువులో సుమారు 55 శాతం నికెల్, మిగతాది టైటానియం. దాన్ని కాపాడేది టైటానియం ఆక్సైడ్ పొర. పులుపులో ఫ్లోరైడ్ చేరితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఏర్పడి ఆ పొరను కరిగిస్తుంది, వైరు పెళుసవుతుంది కూడా. కానీ దానికి రెండూ కావాలి, గాఢమైన ఫ్లోరైడూ, పులుపూ. మేం క్లినిక్‌లో పెట్టే ఆమ్ల జెల్‌లో లీటరుకు 12,300 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటుంది. బోరునీళ్లలో ఉండేది లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు, పైగా ఆ నీళ్లు పుల్లగా ఉండవు. ఆ నీళ్లు ఎముకలకు, పళ్లకు చేసే కీడు నిజం, వైరుకు మాత్రం ఏమీ చేయవు. క్లిప్పులున్నన్నాళ్లు ఆమ్ల జెల్ వద్దని చెప్పండి. పేస్ట్ మాత్రం మానొద్దు. మానేస్తే క్లిప్పుల చుట్టూ తెల్లమచ్చలతో పళ్లు పాడవుతాయి, నేను వారం వారం చూస్తున్నాను.

ఇక నికెల్. వినడానికి వింతగా ఉంటుంది కానీ 55 శాతం నికెల్ ఉన్న నైటినాల్, 8 శాతం ఉన్న స్టీలు కన్నా తక్కువ నికెల్ వదలొచ్చు. లోపల ఎంత ఉందన్నది కాదు, పై పొర ఎంత గట్టిగా ఉందన్నది లెక్క. నోటి లోపలి పొర చర్మం కన్నా చాలా ఎక్కువ మోతాదుకు గానీ స్పందించదు, ఉమ్ము కడిగేస్తూ ఉంటుంది కూడా. అందుకే నికెల్ పడని పిల్లల్లో చాలామంది స్టీల్ క్లిప్పులు ఇబ్బంది లేకుండా పెట్టుకుంటారు.

ఒక విషయం మాత్రం మన పిల్లలకు వర్తించదు. చెవులు కుట్టించుకునే ముందే క్లిప్పులు వేసుకున్నవాళ్లలో నికెల్ ఎలర్జీ తక్కువని ఐరోపాలో గమనించారు. అక్కడ చెవులు కుట్టించుకునేది టీనేజీలో. మన దగ్గర చంటిబిడ్డగా ఉన్నప్పుడే కుట్టిస్తాం, కొంచెం పెరిగాక చిలకలపూడి నగలో, వన్ గ్రామ్ గోల్డో పెడతాం. ఆ పై పూత అరిగాక లోపలి లోహంలో నికెల్ ఉంటే నేరుగా చర్మానికి తగులుతుంది. మీ అమ్మాయి విషయంలో ఆ దశ దాటిపోయింది. ముందు చర్మ డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించండి. 5 శాతం నికెల్ సల్ఫేట్ వీపు మీద అంటించి 48 గంటలకు తీస్తారు, ఒకట్రెండు రోజులాగి మళ్లీ చూస్తారు.

గుంటూరు కోడలు

చాలామందికి ఏమీ కాదంటున్నారు. సరే. ఆ మిగిలిన కొద్దిమందిలో ఈ పాప ఉంటే? టైటానియం, పింగాణీ ఉండగా పరీక్ష ఆ పిల్ల నోట్లోనే ఎందుకు చేయాలి?

పాత మెటలర్జిస్ట్, హైదరాబాద్

అమ్మా, మీ మాట గురించి రెండు రోజులు ఆలోచించాను. నేను లోహం వైపు నుంచి చూశాను, మనిషి వైపు నుంచి చూడలేదు. విషానికైతే మోతాదు లెక్క చెప్పొచ్చు. ఒకసారి ఒంటికి పట్టుకున్న ఎలర్జీకి ఆ లెక్క అందరికీ ఒకేలా కుదరదు. నా "నిశ్చింతగా" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎలర్జీ లేని పిల్లలకు స్టీలే మేలన్నది మాత్రం మార్చుకోను. గట్టిది, వైరు సాఫీగా జారుతుంది, ధర అందుబాటులో ఉంటుంది. భయపడి అందరూ ఖరీదైనదానికి పరుగెత్తనక్కర్లేదు.

నాన్నగారూ, డైమిథైల్ గ్లయాక్సిమ్ అని రెండు చిన్న సీసాల కిట్ దొరుకుతుంది. దూదిపుల్ల మీద రెండు సీసాల నుంచి చెరో చుక్క వేసి లోహాన్ని రుద్దితే, నికెల్ వదులుతుంటే దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ కమ్మల మీద చేసి చూడండి.

మిర్యాలగూడ నాన్న

అందరికీ దండాలు. చేశాం. కమ్మ వెనక కొక్కెం మీద రుద్దగానే దూది గులాబీ అయింది. మా అమ్మాయి స్వయంగా రుద్దింది, తర్వాత ఇంట్లో ఉన్న గుండీలూ తాళంచెవులూ అన్నీ రుద్దుతూ కూర్చుంది. స్టీలు గ్లాసు మీద రంగు రాలేదు. ప్యాచ్ టెస్ట్‌లో నికెల్ చోట ఎర్రగా పొక్కులు లేచాయి.

రిపోర్ట్ పట్టుకుని మళ్లీ పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఈసారి కూర్చోబెట్టి మాట్లాడారు. ముందు పింగాణీ క్లిప్పులు, నైటినాల్ బదులు నికెల్ లేని టైటానియం-మాలిబ్డినం వైరు వేస్తామన్నారు. అది నైటినాల్ అంత మెత్తగా ఉండదు, పైగా క్లిప్పులో సరిగా జారదు, కొన్ని నెలలు ఎక్కువ పట్టొచ్చన్నారు. పట్టనీ అంది మా అమ్మాయి.

క్యాప్‌ల ల్యాబ్, విజయవాడ

మంచి పని చేశారు. ఒక్కటి మర్చిపోకండి నాన్నగారూ. ముందు పళ్లకు పింగాణీ పెట్టినా, వెనక దవడ పళ్లకు మామూలుగా స్టీలు బ్యాండో (పంటి చుట్టూ వేసే పట్టీ), ట్యూబో (వైరు చివర దూర్చే చిన్న గొట్టం) వేస్తారు. అవి కూడా టైటానియంవే కావాలని మొదటి రోజే చెప్పండి, తెప్పించడానికి టైం పడుతుంది.