మంద కాపలాకు కుక్కపిల్లను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న:
నమస్కారమండి. వశిష్ఠ గోదావరి లంకలో మాకు నలభై గొర్రెలు, పది మేకలు ఉన్నాయి. పగలు లంకలోనే మేస్తాయి, రాత్రికి కొబ్బరితోటలో దడి కట్టిన దొడ్డికి తోలుతాము. గడచిన రెండు నెలల్లో ఊరకుక్కల గుంపు ఆరు గొర్రెపిల్లలను, నక్క ఒకదాన్ని పొట్టన పెట్టుకున్నాయి. ఏటి అవతల మంద పెంచే పెద్దాయన గారి కాపలా కుక్క కార్తీకంలో ఈని అయిదు పిల్లలను పెట్టింది. సంక్రాంతి వెళ్లాక వచ్చి నచ్చినదాన్ని తీసుకోమన్నారు. వాటిలో కాపలాకు పనికివచ్చేదాన్ని గుర్తుపట్టడం ఎలా? మా తమ్ముడు మాత్రం రాజపాళయం పిల్లను కొందామంటున్నాడు.

జవాబు:
పిల్లల కంటే ముందు తల్లిని చూడండి. అదీ ఇంటి ముందు గొలుసుతో కట్టి ఉన్నప్పుడు కాదు, మంద మధ్యలో ఉన్నప్పుడు. తెల్లవారకముందే దొడ్డి దగ్గరకు వెళ్లి, దడి తీసేటప్పుడు గొర్రెలు దాన్ని ఒరుసుకుంటూ బెదురు లేకుండా బయటకు వస్తున్నాయా, కొత్తవారైన మిమ్మల్ని చూసి అది మీకూ మందకూ మధ్య నిలబడి మొరుగుతున్నదా, యజమాని ఒక్క మాట అనగానే తగ్గుతున్నదా అన్నది గమనించండి. ఈనుతున్న గొర్రె ఏదైనా ఉంటే మీ అదృష్టమే. మంచి కాపలా కుక్క దానికి కాస్త ఎడంగా పడుకుని, పుట్టిన పిల్ల లేచి పాలు తాగేవరకు కదలదు.

తరువాత పిల్లల సంగతి. అయిదింటినీ నెమ్మదైన గొర్రె ఒకటి ఉన్న చిన్న దొడ్డిలో వదలమని అడిగి, మీరు దూరంగా కూర్చోండి. పనికివచ్చే పిల్ల చెవులు వెనక్కి వాల్చి, తల దించి, గొర్రె కళ్లలోకి చూడకుండా పక్కగా చేరి మూతి నాకబోతుంది. గొర్రె కుమ్మితే కుయ్యిమని వెనక్కి తగ్గి, కాసేపటికి మళ్లీ దాని పక్కకే వస్తుంది. నేలకు కరచుకుని పొంచి చూసేది, గొర్రెపిల్ల తోక వెంట పరుగెత్తేది వేట బుద్ధి గలవి. మూలన నక్కి ఎంతకీ బయటకు రానిది కూడా వద్దు.

అందరికీ నచ్చేది, మనల్ని చూడగానే తోబుట్టువులను తోసుకుని వచ్చి పంచె పట్టి లాగే పిల్ల. నేను మొదటిసారి అటువంటిదాన్నే ముచ్చటపడి తెచ్చుకున్నాను. పదో నెలలో అది ఆటకని నాలుగు గొర్రెపిల్లల చెవులు కొరికిన తరువాత, మంద నుంచి తీసి ఇంటి గుమ్మం దగ్గర కట్టేయవలసి వచ్చింది. ధైర్యం కావలసిందే గాని, అది ఏడాదిన్నర దాటాక వయసుతో వస్తుంది. ఇప్పుడు చూడవలసింది ఓపికను.

రాజపాళయం వేట కోసం పెంచిన జాతి, పరుగెత్తేదాన్ని తరమడం దాని స్వభావంలోనే ఉంటుంది. గ్రేట్ పైరినీస్ వంటి విదేశీ జాతులు మంద కాపలాకు పేరుపొందినవే అయినా, చలికొండల కోసం పుట్టిన ఆ దట్టమైన బొచ్చుతో మన ఉక్కపోతలో అవి అవస్థ పడతాయి. అసలు జాతి కంటే పెరిగిన చోటు ముఖ్యం. మూడో వారం నుంచి పన్నెండు, పదహారు వారాల లోపు ఏ జీవాల మధ్య తిరిగితే వాటినే కుక్క తనవాళ్లనుకుంటుంది. అందువల్ల ఎనిమిది వారాలు నిండాక తెచ్చి, ఆ రాత్రి నుంచే దొడ్డిలో, గొర్రెలు దూరలేని చిన్న గూడు కట్టి ఉంచండి. పాపం చలి అని వసారాలోకి తెచ్చారా, అది మీ పిల్లలకు కాపలా అవుతుంది గాని గొర్రెలకు కాదు.

చేతిలోకి తీసుకున్నప్పుడు చిగుళ్లు పాలిపోకుండా గులాబీ రంగులో ఉన్నాయా, బొడ్డు దగ్గర ఉబ్బు లేకుండా ఉందా చూడండి. ఒళ్లు చిక్కి పొట్ట ఒక్కటే డబ్బాలా ఉంటే పురుగులు ఉన్నాయనుకోవచ్చు. దానికి మందు ఉంది, వద్దనుకోనక్కరలేదు. డిస్టెంపర్, పార్వో అనే ప్రాణాంతక జబ్బులు రాకుండా వేసే టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకు ఒకసారి వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. కోసిన గొర్రె తలకాయ మాత్రం పచ్చిగా పెట్టకండి. దానిలోని తిత్తుల వల్ల కుక్కకు బద్దెపురుగులు పడతాయి, వాటి గుడ్లు మేత ద్వారా గొర్రెలకు చేరితే అవి తల ఒరగేసి గుండ్రంగా తిరిగే జబ్బు వస్తుంది.

అడిగినవారు:
చాలా ఉపకారం చేశారండి. తోడు ఉంటుందని రెండు పిల్లలను తెస్తే మంచిదా? మగదా, ఆడదా?

జవాబు:
ఒకేసారి రెండు వద్దండి. అవి ఒకదానితో ఒకటి ఆడుకోవడంలో పడి గొర్రెలను పట్టించుకోవు, లేదా ఇద్దరూ కలిసి గొర్రెపిల్లలనే ఆటబొమ్మలు చేస్తాయి. మొదటిది పనిలో కుదురుకున్నాక రెండోదాన్ని తెచ్చుకోండి. మగ, ఆడ ఏదైనా కాపలాలో తేడా లేదు. అయితే భాద్రపదంలో మగది మందను వదిలి ఊరి మీద పడుతుంది, ఆడదైతే ఏ ఊరకుక్కలకు భయపడి తెచ్చుకున్నారో అవే దొడ్డి చుట్టూ చేరతాయి. పశువైద్యుని అడిగి తగిన వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి.

మరొక సభ్యుడు:
లంకవారు కనుక ఒక మాట కలుపుతున్నాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేసరికే మేము మందను పడవల మీద ఏటిగట్టుకు చేరుస్తాము. సంక్రాంతికి తెచ్చిన పిల్ల వరదల నాటికి ఎనిమిది నెలలది అవుతుంది, ఎత్తి పడవలో వేసే బరువు ఉండదు. ఏరు నెమ్మదిగా ఉన్న వేసవిలోనే రెండు గొర్రెలతో పాటు దాన్ని కూడా పడవ ఎక్కించి నాలుగైదుసార్లు దాటించండి. మాది అలవాటు లేక వరదలో గట్టు మీదకు రానని దొడ్డిలోనే కూర్చుంటే, నడుము లోతు నీళ్లలో వెనక్కి వెళ్లి తెచ్చుకున్నాము.