చీరల వెబ్‌సైట్: ఫోన్లు వస్తున్నాయి, ఆర్డర్లు రావటం లేదు

మంగళగిరి_మగ్గం:
అందరికీ నమస్కారం. మా మామగారి కాలం నుంచి ఇంట్లో గుంట మగ్గాలు ఉన్నాయి. మావి రెండు, దగ్గరి బంధువులవి నాలుగు కలిపి మొత్తం ఆరు మగ్గాల మీద నేసిన నూలు చీరలను కొనేవారికి నేరుగా అమ్మాలని నాలుగు నెలల క్రితం వెబ్‌సైట్ చేయించాము. మొదటి పేజీలో ఐదు పెద్ద ఫొటోలు ఒకదాని వెంట ఒకటి కదులుతూ చూడముచ్చటగానే ఉంటుంది. రోజుకు ఏడెనిమిది ఫోన్లు వస్తున్నాయి కానీ, వెబ్‌సైట్‌లోనే డబ్బు కట్టి కొన్నవారు ఇప్పటికి పదకొండు మందే. మిగిలినవారు వాట్సాప్‌లో ఫొటోలు తెప్పించుకుని, ఆ తరువాత మాట్లాడటం లేదు. లోపం ఎక్కడ ఉందో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

గుంటూరు_పచ్చళ్లు:
అమ్మా, ఫోన్ చేసినవారు మొదట ఏమి అడుగుతున్నారో రాసి పెట్టుకున్నారా? మా పచ్చళ్ల వెబ్‌సైట్ తొలి ఏడాది ఇలాగే నడిచింది. అప్పుడు ఫోన్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, రెండు వారాలపాటు వచ్చిన ప్రతి ప్రశ్ననూ రాశాము. ఏ నూనె వాడారు, ఎన్ని నెలలు నిల్వ ఉంటుంది, బెంగళూరుకు పంపుతారా, దారిలో నూనె కారదా అన్న నాలుగే మళ్లీ మళ్లీ వచ్చాయి. మా వెబ్‌సైట్‌లోనేమో మా తాతగారి చరిత్ర రెండు పేజీలు ఉంది, నూనె మాట ఎక్కడా లేదు. ఆ నాలుగు జవాబులనూ ప్రతి సీసా ఫొటో కిందికి తెచ్చి, పక్కన బరువు, ధర, మా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరు వేశాము. ఫోన్లు తగ్గాయి, ఆర్డర్లు పెరిగాయి.

మంగళగిరి_మగ్గం:
మీరు చెప్పినట్లే నిన్న, ఈ రోజు రాశాను. ధర ఎంత? జాకెట్టు ముక్క ఉందా? రంగు ఫొటోలో ఉన్నట్లే ఉంటుందా? ఎన్ని రోజుల్లో చేరుతుంది? నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా? ధర చూసి పక్క దుకాణంవారు తగ్గించి అమ్ముతారన్న భయంతో ‘ధర కోసం సంప్రదించండి’ అని మేమే పెట్టించాము. అది పొరపాటేనేమో.

పఠనాసక్తి_ఖమ్మం:
అది పొరపాటేనని కొనేవారి వైపు నుంచి చెబుతున్నాను. నాకు అరవై మూడేళ్లు. ధర కనబడని చోట మొహమాటంతో ఫోన్ చేయలేక వెనక్కి వచ్చేసే ఆడవాళ్లు చాలామంది ఉంటారు, వారిలో నేనూ ఒకదాన్ని. ఇంకొక సంగతి. కిందటి దసరాకు ఒక చోట చీర ఎంచుకున్నాక ఖాతా తెరవమన్నారు, పాస్‌వర్డ్‌లో పెద్ద అక్షరం, అంకె, గుర్తు అన్నీ ఉండాలన్నారు, తరువాత ఓటీపీ అడిగారు. అది వచ్చేలోపు పేజీ మొదటికి పోయింది. పైగా తెల్లని నేల మీద లేత బూడిద రంగులో సన్నని అక్షరాలు! ఆ చీర ఇప్పటికీ కొనలేదు. పేరు, చిరునామా, పిన్‌కోడ్, ఫోన్ నంబరు చాలు కదా, ఒక చీర పంపటానికి?

విజయవాడ_వెబ్‌పని:
పన్నెండేళ్లుగా చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు చేస్తున్నాను. ఖమ్మం అమ్మగారు చెప్పిన అక్షరాల విషయంలో అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. మామూలు పరిమాణంలో ఉన్న అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలి. దానిని ఉచితంగా కొలిచిపెట్టే సాధనాలు ఉన్నాయి.

మంగళగిరి అమ్మగారూ, మీరు నాకు విడిగా పంపిన లింకు తెరిచి చూశాను. కదిలే ఫొటోలు ఒక్కొక్కటి నాలుగు మెగాబైట్లకు పైగా ఉన్నాయి, అంటే మొదటి పేజీకే ఇరవై మెగాబైట్లు. బస్సులో వెళుతూ ఫోన్‌లో చూసేవారికి అవి వచ్చేసరికి వారి స్టాపే వస్తుంది. పేజీలోని ప్రధాన దృశ్యం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. కదిలే ఫొటోలు తీసేసి ఒకే ఫొటో ఉంచండి. మిగిలిన వాటిని వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ బరువు ఫైలు రూపంలోకి మారిస్తే, ఒక్కొక్కటి సాధారణంగా రెండు వందల కిలోబైట్లలోపే ఉంటుంది, నేత స్పష్టత కూడా పెద్దగా పోదు.

తెలుగు విషయం దీనికంటే ముఖ్యం. మీ చీరల వివరాలన్నీ పాత ప్రింటింగ్ ఫాంటులో కొట్టి, బొమ్మలుగా మార్చి పెట్టారు. బొమ్మలోని అక్షరాలను ఫోన్ సరిగా చదివి వినిపించలేకపోవచ్చు, పెద్దవి చేస్తే మసకబారతాయి, ‘మంగళగిరి నూలు చీర’ అని వెతికేవారికి ఆ పేజీ దొరకటమూ కష్టమే. అంతా ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తించే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించండి. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. మీ ‘బుట్టలో వేయండి’ బటన్ చూడండి, ట కింద వత్తు సగానికి తెగిపోయి ‘బుటలో’ అన్నట్లు కనిపిస్తున్నది. కొనేవారు నొక్కవలసిన ఒక్క మాటే అక్కడ తప్పుగా ఉంది. అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లకు పైగా వరుస ఎడం ఇచ్చి, బటన్ ఎత్తును 48 పిక్సెళ్లకు తగ్గకుండా ఉంచమని మీ డిజైనర్‌తో చెప్పండి.

కుట్టుపని_హైదరాబాద్:
వెబ్‌సైటే అవసరం లేదని నా అభిప్రాయం. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు, యూపీఐ క్యూఆర్ ఉంటే చాలు. నేను వెబ్‌సైట్ పెట్టి మూడేళ్లు నడిపాను. డొమైన్‌ను, అంటే వెబ్‌సైట్ చిరునామాను, వెబ్‌సైట్ తయారుచేసినతను తన పేరుతోనే రిజిస్టర్ చేసుకున్నాడని తెలియలేదు. మాటామాటా వచ్చి అతను రెన్యువల్ చేయకపోవటంతో ఆ చిరునామా వేరేవారి చేతికి పోయింది. విజిటింగ్ కార్డులు, సంచులు, బోర్డు అన్నిటి మీదా అదే చిరునామా అచ్చయి ఉంది.

విజయవాడ_వెబ్‌పని:
మీ బాధ అర్థమైంది, మా వృత్తిలో ఇది సిగ్గుపడవలసిన విషయం. అయితే డొమైన్ మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో, మీ చేతిలోని పాస్‌వర్డ్‌తో ఉంటే ఆ ప్రమాదం లేదు. వాట్సాప్ కేటలాగు మీ నంబరు తెలిసినవారికి బాగా పనికివస్తుంది. తెలియనివారు వెతికి చేరుకోవటానికి మాత్రం మీదైన చిరునామా ఒకటి ఉండాలి. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం నమోదు కూడా ఉచితమే, దానిని ఈ వారంలోనే చేయండి.

చట్టం కూడా ఒకటి ఉంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవారు వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు తీసుకునే అధికారి వివరాలు, వాపసు పద్ధతి స్పష్టంగా చూపాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి. చిన్న దుకాణంలో ఆ అధికారి మీరే కావచ్చు.

తెలుగింటి_డాలస్:
బయటి దేశంలో ఉండేవారి తరఫున రెండు మాటలు. ఫోన్ నంబరు ముందు ప్లస్ 91 వేయండి. అది లేకపోతే ఇక్కడి నుంచి నొక్కగానే ఫోన్ కలవదు. విదేశాలకు పంపుతారో లేదో, పంపితే ఖర్చు ఎంతో, కస్టమ్స్ సుంకం ఎవరు కట్టాలో చీర పక్కనే రాయండి. అంతా ఎంచుకుని చిరునామా పెట్టే దగ్గర ‘ఆరంకెల పిన్‌కోడ్ ఇవ్వండి’ అని వస్తే ఎంత నిరాశగా ఉంటుందో చెప్పలేను.

గుంటూరు_పచ్చళ్లు:
రంగు గురించి మా అమ్మాయి చెప్పిన మాట. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య వసారా నీడలో, ఫిల్టర్లు లేకుండా ఫొటో తీయాలట. ఒకటి మొత్తం చీర, ఒకటి కొంగు, ఒకటి అంచు దగ్గరగా. రంగు పేరు కూడా మన మాటల్లో రాయండమ్మా. ‘పర్పుల్’ అంటే పది రంగులు. ‘వంగపండు రంగు’, ‘ఉల్లిపొర రంగు’, ‘నెమలికంఠం’ అంటే మన ఆడవాళ్లకు ఫొటో లేకపోయినా తెలుస్తుంది.

మంగళగిరి_మగ్గం:
ఆరు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. డొమైన్ మా పేరుతోనే ఉందని ముందుగా చూసుకున్నాను. కదిలే ఫొటోలు తీయించాము. ప్రతి చీర కింద ధర, పొడవు ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క ఎనభై సెంటీమీటర్లు, అంచు రకం, ఉతికే పద్ధతి, చేరటానికి పట్టే రోజులు, ఏడు రోజుల్లో వాపసు అని రాశాము. ఖాతా తెరవకుండానే యూపీఐతో కొనవచ్చు. ఈ ఆరు వారాల్లో ఇరవై ఏడు చీరలు వెబ్‌సైట్‌లోనే అమ్ముడయ్యాయి. భయపడినట్లు పక్క దుకాణంవారు ధర తగ్గించలేదు. మామిడి చిగురు రంగు చీర పెట్టిన రోజే పోయింది.

ఇప్పుడు ఒక చిక్కు. మా చీరలలో చాలావరకు ఒక్కొక్కటే నేస్తాము. అమ్ముడైనదాన్ని తీసేస్తే పేజీ దొరకటం లేదని వస్తోంది, ఉంచితే అదే కావాలని అడుగుతున్నారు. ఏది మంచిది?

విజయవాడ_వెబ్‌పని:
పేజీ తీసేయవద్దు. ధర ఉన్నచోట ‘అమ్ముడైంది’ అని పెట్టి, దాని కిందనే ‘ఇదే రంగులో నేయించాలంటే’ అని ఒక బటన్, ఎన్ని వారాలు పడుతుందో ఒక వరుస ఇవ్వండి. మగ్గం మీ ఇంట్లోనే ఉంది కనుక ఆ మాట మీరు ఇవ్వగలరు.

మంగళగిరి_మగ్గం:
మా మామగారిని అడిగాను. రంగు అద్దించి, పడుగు ఎక్కించి నేయటానికి నాలుగు వారాలు రాయమన్నారు. ఈ రాత్రికే పెట్టిస్తాను.