ఎంఎక్స్-5ని టార్మాక్ (తారు రోడ్డు) ర్యాలీ కారుగా మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

లీడ్స్ నుంచి:
అందరికీ నమస్తే. నా దగ్గర 1999 మాజ్డా ఎంఎక్స్-5 ఉంది, రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు, రెండో జనరేషన్, 1.8 లీటర్ ఇంజన్, టోర్సెన్ డిఫ్ (వెనక చక్రాలు రెండిటికీ పవర్ పంచే గేర్ల డిఫరెన్షియల్) కంపెనీదే. ఇన్నాళ్లూ ట్రాక్ డేలకి వాడా, కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్-డ్యాంపర్లు) వేసి బాగా కిందకి దించా, సెమీ స్లిక్ (గాడులు తక్కువుండే ట్రాక్) టైర్లున్నాయి. ఇప్పుడు ఔల్టన్ పార్క్, కాడ్వెల్ పార్క్ లాంటి సర్క్యూట్లలో చలికాలంలో జరిగే స్టేజ్ ర్యాలీలు (ఒక్కో ముక్కకీ టైమ్ చూసే పోటీలు) చేయాలనుంది, తర్వాత కుదిరితే క్లోజ్డ్ రోడ్ ర్యాలీలు, అంటే మామూలు రోడ్లు మూసేసి పెట్టేవి. డబ్బు మరీ ఎక్కువ లేదు. టర్బో కిట్ ఒకటి చవగ్గా దొరుకుతోంది, ముందు అది వేసేయనా? కారు బోల్తా పడితే కాపాడే స్టీల్ ట్యూబుల కేజ్, బోల్ట్-ఇన్‌ది చాలా, వెల్డ్ చేయించాలా? కో-డ్రైవర్‌గా మా ఆవిడే కూర్చుంటానంటోంది, అందుకని కొంచెం జాగ్రత్తగా అడుగుతున్నా.

బెల్‌ఫాస్ట్ నుంచి:
తమ్ముడూ టర్బో సంగతి పక్కన పెట్టు. 140 హార్స్ పవర్, టన్ను పైచిలుకు బరువు, తడి రోడ్డు మీద మొదటి సీజన్‌కి అదే ఎక్కువ. టర్బో వేస్తే పోటీలో క్లాసు మారుతుంది, వేడి పెరుగుతుంది, గేర్‌బాక్స్ మీద లోడ్ పడుతుంది, నువ్వు మాత్రం అదే స్పీడులో వెళ్తావు ఎందుకంటే కో-డ్రైవర్ చదివే రోడ్డు నోట్స్ వినడమే ఇంకా రాదు కదా.

ముందు కారుని లిఫ్ట్ ఎక్కించి కింద చూడు. ఈ జనరేషన్‌లో వెనక చక్రాల ముందుండే సిల్స్ (డోర్ల కింది అంచు రేకు) తుప్పు పడతాయి, అది అందరికీ తెలుసు, కానీ ముందు వైపు ఛాసిస్ రైల్స్ (బండి బరువు మోసే దూలాలు) రెండు పొరలుగా ఉంటాయి, వాటి మధ్య నీళ్లు నిలిచి లోపల్నుంచి తింటుంది, పైకి పెయింట్ బానే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాల్సిందే. కేజ్ కాళ్లు దిగేది ఫ్లోరు, సిల్స్ దగ్గరే కాబట్టి అక్కడ రేకు కుళ్లితే ఎంత మంచి కేజ్ పెట్టినా పుచ్చుకొయ్యకి మేకు కొట్టినట్టే.

బోల్ట్-ఇన్ తప్పేం కాదు. ప్రపంచ మోటార్‌స్పోర్ట్ సంస్థ ఎఫ్‌ఐఏ రూల్స్‌లో అపెండిక్స్ జె ఆర్టికల్ 253 ప్రకారం మెయిన్ హూప్ (సీట్ల వెనకుండే పెద్ద వంపు ట్యూబ్) 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల గోడ ఉన్న సీమ్‌లెస్ (అతుకు లేని) స్టీల్ ట్యూబ్ ఉండాలి, లేదా 50 వ్యాసానికి 2 గోడ. ప్రతి కాలు కింద కనీసం 3 మిల్లీమీటర్ల ప్లేటు, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, కనీసం మూడు ఎం8 బోల్టులు. నీ కారు ఓపెన్ టాప్ కాబట్టి ముందు కాళ్లు, డోర్ బార్లు, రూఫ్ డయాగనల్ అన్నీ ఉన్న పూర్తి ర్యాలీ కేజే కావాలి. ట్రాక్ డే వాళ్లు సీట్ల వెనక పెట్టుకునే ఒంటి హూప్ చూపిస్తే స్క్రూటినీరు (పోటీకి ముందు కారు తనిఖీ చేసేవాడు) అక్కడే ఆపేస్తాడు. ఏ కేజ్ అయినా కొనేముందు సర్టిఫికెట్ అడుగు, కాగితం లేకపోతే లాగ్ బుక్ (కారు ర్యాలీకి పనికొస్తుందని ఇచ్చే పుస్తకం) దగ్గర ఇరుక్కుంటావు.

లీడ్స్ నుంచి:
అన్నా థాంక్స్. కేజ్ పెట్టాక ఆఫీసుకి అదే కారులో వెళ్లొచ్చా? హార్డ్‌టాప్ ఉంది.

బెల్‌ఫాస్ట్ నుంచి:
వెళ్లకు. హెల్మెట్ లేకుండా కేజ్ ఉన్న కారు నడపడం ఎంత ప్రమాదమో చాలామంది ఆలోచించరు, చిన్న గుద్దుకే తల వెళ్లి ట్యూబ్‌కి తగులుతుంది, ఎంఎక్స్-5 లో అసలే తలకీ పైకప్పుకీ మధ్య ఖాళీ తక్కువ. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలి, అది వేరే తలనొప్పి. హార్డ్‌టాప్‌ని మాత్రం మామూలు క్లిప్పుల మీద వదలకుండా బోల్ట్ చేయించు.

సీట్లు తెచ్చాక మీ ఇద్దరూ హెల్మెట్, హాన్స్ (మెడ విరగకుండా హెల్మెట్‌ని పట్టి ఉంచే పరికరం) పెట్టుకుని కూర్చుని చూడండి, వెల్డింగ్ పూర్తయ్యాక కాదు, ముందే. తల దగ్గరుండే ట్యూబులకి ఎఫ్‌ఐఏ 8857-2001 స్టాండర్డ్ ప్యాడింగ్ వేయించు, పైప్ ఇన్సులేషన్ ఫోమ్ పనికిరాదు. సీట్లకీ బెల్టులకీ గడువు తేదీలుంటాయి, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయంటే సగం సార్లు కారణం అదే.

అడిలైడ్ నుంచి:
గురూ నేను ఒక్కదానికి ఒప్పుకోను, అన్నింటికన్నా ముందు డబ్బు పెట్టాల్సింది సస్పెన్షన్ మీద. ట్రాక్ కోసం దించిన కారు ర్యాలీకి పనికిరాదు. సర్క్యూట్ ర్యాలీ అంటే రేసింగ్ లైన్ ఒక్కటే కాదు, సర్వీస్ రోడ్లు, కెర్బుల మీదుగా, వెనక్కి తిరిగే సందులు, అన్నీ కలిపి స్టేజ్ చేస్తారు. క్లోజ్డ్ రోడ్డయితే ఇంకా ఘోరం, ముందెళ్లిన వాళ్లు కార్నర్ కట్ చేసి బురద, రాళ్లు రోడ్డు మీదకి లాక్కొస్తారు. కారు కొంచెం ఎత్తాలి, స్ప్రింగ్ మెత్తబడాలి, చక్రం కిందకి దిగడానికి ట్రావెల్ ఉండాలి. నీ కాయిలోవర్లో ఆ ట్రావెల్ ఉండదు. టోర్సెన్ మంచిదే కానీ ఒక చక్రం గాల్లోకి లేస్తే ఓపెన్ డిఫ్ లాగే అయిపోతుంది, అందుకే సస్పెన్షన్ ముందు, ప్లేట్ డిఫ్ (చక్రం లేచినా రెండో దానికి పవర్ పంపే క్లచ్ ప్లేట్ల డిఫ్) తర్వాత.

బెల్‌ఫాస్ట్ నుంచి:
సరే సరే, సేఫ్టీ తర్వాత సస్పెన్షన్, ఒప్పుకున్నా :) దాంతో పాటు బ్రేక్ ప్యాడ్లు, మరిగే ఉష్ణోగ్రత ఎక్కువున్న ఫ్లూయిడ్, అల్లిన స్టీల్ హోస్‌లు. హెయిర్‌పిన్‌ల (బాగా వెనక్కి తిరిగే మలుపులు) కోసం హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్, వెనక బ్రేక్ లైన్‌లో వేస్తారు. ఇంజన్ అడుగుని కాపాడే పల్చటి అల్యూమినియం సంప్ గార్డ్, మడ్‌ఫ్లాప్స్. బ్యాటరీ నీ కారులో డిక్కీలో ఉంది కాబట్టి కట్-ఆఫ్ స్విచ్ వైరింగ్ పొడుగవుతుంది, స్విచ్ తిప్పితే కరెంటు పోవడమే కాదు ఇంజన్ కూడా ఆగాలి, ఆల్టర్నేటర్ వల్ల ఇంజన్ అలా నడుస్తూనే ఉంటే ఫెయిల్. బయట నుంచి లాగే హ్యాండిల్, దాని పక్కన నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు స్టిక్కర్ మర్చిపోకు. సెమీ స్లిక్‌లు ఇంట్లో పెట్టు, జనవరిలో తడి టైర్లే నీకు దిక్కు, తేలిక కారు నీళ్ల మీద తొందరగా తేలిపోతుంది.

హైదరాబాద్ నుంచి:
మధ్యలో దూరుతున్నా, ఇంత చిన్న రోడ్‌స్టర్‌తో నిజంగా ర్యాలీలు చేస్తారా? మన దగ్గర మాజ్డానే అమ్మరు, మన ర్యాలీలు ఎక్కువగా మట్టి రోడ్ల మీదే.

అడిలైడ్ నుంచి:
ఎందుకు చేయరు. నాలుగో తరం ఎంఎక్స్-5 తోబుట్టువే ఫియట్ 124 స్పైడర్, హిరోషిమాలో మాజ్డా వాళ్లే తయారుచేశారు. దాని ర్యాలీ రూపం అబార్త్ 124, 1.8 టర్బో, 300 హార్స్ పవర్, 2018 లోనూ 2019 లోనూ జీటీ ర్యాలీ కార్లకుండే ఎఫ్‌ఐఏ ఆర్-జీటీ కప్ గెలిచింది. తమ్ముడూ ఇది చదివి మళ్లీ టర్బో అనకు.

లీడ్స్ నుంచి:
హహ అననులే. మరి మొత్తం కలిపి చూస్తే ఇది కట్టడం కన్నా కట్టింది కొనడం చవకేమో?

బెల్‌ఫాస్ట్ నుంచి:
చాలా చవక. లాగ్ బుక్ ఉన్న కేజ్ కారు దొరికితే కొనెయ్, షెల్ (కారు బాడీ), కేజ్, వైరింగ్ వేరే వాళ్ల ఖర్చుతో అయిపోయినట్టే. కట్టడంలోనే సరదా అనుకుంటే నీ ఇష్టం. ఏదైనా సరే, ర్యాలీ డ్రైవర్ లైసెన్స్‌కి ముందు ర్యాలీ స్కూల్లో బార్స్ టెస్ట్ (బ్రిటన్ ర్యాలీ స్కూళ్ల సంఘం పరీక్ష) ఉంటుంది, అది బుక్ చేసుకో, చెల్లెమ్మని కూడా ఏదో ఒక ర్యాలీకి మార్షల్‌గా (స్టేజ్ పక్కన నిలబడి భద్రత చూసే వాలంటీరు) తీసుకెళ్లు, దగ్గర్నుంచి చూశాక కూడా కూర్చుంటానంటే అప్పుడు సీటు కొను.

లీడ్స్ నుంచి:
శనివారం లిఫ్ట్ మీదకి ఎక్కిస్తున్నా, ముందు రైల్స్ ఫొటోలు పెడతా. తుప్పు ఎక్కువుంటే కారు అమ్మేసి కట్టిందే వెతుక్కుంటా.