టీమ్‌లో వేళాకోళం, మాట మార్చే లీడ్: ఆటిజం ఉన్న ఉద్యోగి ఫిర్యాదు ఎలా పెట్టాలి?

నిశ్శబ్ద_కీబోర్డు:
హైదరాబాద్‌లో ఐటీ కంపెనీ, మూడొందల మందికి పైగా ఉంటాం. సైకియాట్రిస్ట్ ఇచ్చిన ఆటిజం రిపోర్టు ఉంది, సదరం (ప్రభుత్వ వైకల్య) సర్టిఫికెట్ లేదు. లీడ్ పని నోటితో చెప్తాడు, తర్వాత "నేనలా అనలేదే" అంటాడు. రోజువారీ స్టాండప్ మీటింగ్‌లో నా మాటతీరు అనుకరించి నవ్విస్తాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే "పొగరు" అంటాడు. హెచ్‌ఆర్‌కి ఇంకా ఏమీ చెప్పలేదు. సర్టిఫికెట్ లేకుండా ఫిర్యాదు నిలుస్తుందా?

ఫైలు_దుమ్ము:
నిలుస్తుందండీ. 2016 వికలాంగుల హక్కుల చట్టం షెడ్యూల్లో ఆటిజం ఉంది. 40 శాతం వైకల్యం అన్నది రిజర్వేషన్లకు, పథకాలకు పెట్టిన గీత; వివక్షను నిషేధించే సెక్షన్ 3కి ఆ గీత లేదు. వికాస్ కుమార్ కేసులో (2021) సుప్రీంకోర్టు కూడా, సర్దుబాటు (వైకల్యానికి తగ్గట్టు చేసే మార్పు) అడగడానికి 40 శాతం ఉండాలనడం తప్పని చెప్పింది.

అయినా సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టండి, కాగితం చూస్తేగాని కదలని ఆఫీసులే ఎక్కువ. సర్టిఫికెట్ పరీక్షలో ఆటిజం తీవ్రత కొలవడానికి వాడేది ఐఎస్ఏఏ స్కేలు: 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టే లెక్క. చక్కగా మాట్లాడే పెద్దవాళ్లకి ఇక్కడే తక్కువ పడే ప్రమాదం. మీ చిన్నతనం తెలిసిన అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి, పాత స్కూల్ రిపోర్టులుంటే అవీ.

ఇంకొకటి. ఫిర్యాదులో "వేధింపు" అని రాసి ఆపేయకండి, "వైకల్యం కారణంగా వివక్ష" అని రాయండి. ఆ చట్టం కింద వచ్చిన 2017 రూల్స్‌లో 3వది ప్రకారం, 20 మంది లేదా అంతకుమించి ఉన్న ప్రైవేటు సంస్థకు అలాంటి ఫిర్యాదు వస్తే చర్య తీసుకోవాలి, లేదంటే తాము చేసింది ఎందుకు సబబో మీకు రాతలో చెప్పాలి. ఆ మాట లేకపోతే "టీమ్‌లో చిన్న గొడవ" అని ఫైలు మూసేస్తారు.

పేరోల్_పక్కసీటు:
హెచ్‌ఆర్ వైపు నుంచి చెప్తాను. సర్దుబాట్లు అడిగే మెయిల్ వేరు, ఫిర్యాదు వేరు. రెండూ కలిపితే, హెడ్‌ఫోన్స్‌కి పర్మిషన్ ఇచ్చేసి సమస్య తీరిందంటారు.

సర్దుబాట్ల మెయిల్లో మూడు నాలుగుకి మించి అడగొద్దు: పనులు రాతలో ఇవ్వడం, మీటింగ్ విషయాలు ముందురోజే పంపడం, హెడ్‌ఫోన్స్, ప్యాంట్రీకి దూరంగా మార్చని సీటు. ఒక్కోదాని పక్కన అది పనికెలా ఉపయోగమో ఒక వాక్యం. ఖర్చు మీ మీద వేయకూడదు, అదీ రూల్ 3లోనే ఉంది.

నోటిమాట సంగతి: లీడ్ చెప్పిన పది నిమిషాల్లో మెయిల్ కొట్టండి. "11 గంటలకు మీరు చెప్పింది: ముందు లాగిన్ బగ్, గడువు శుక్రవారం. తేడా ఉంటే చెప్పండి." అతను జవాబివ్వకపోయినా తేదీతో సహా అది ఉంటుంది.

డైరీలో తేదీ, టైమ్, అన్నమాట ఉన్నదున్నట్టు, అక్కడెవరున్నారు. "అవమానించాడు" అన్నది మీ అభిప్రాయం కింద కొట్టేస్తారు. ఏమన్నాడో రాస్తే కొట్టేయలేరు. ఆఫీసు మెయిళ్లు సొంత జీమెయిల్‌కి పంపొద్దు, డేటా పాలసీ ఉల్లంఘన అని మీ మీదే కేసు తిప్పుతారు. రికార్డింగ్ కూడా పాలసీ చదవకుండా చేయొద్దు.

తిరగలి:
ఇంత సాగదీత ఎందుకు? ఆ చట్టంలోనే సెక్షన్ 92 ఉందిగా, అవమానిస్తే ఆర్నెల్ల నుంచి అయిదేళ్ల జైలు. నోటీసు ఇప్పించండి.

ఫైలు_దుమ్ము:
92కి కావాలని అవమానించినట్టు, అదీ జనం చూసే చోట జరిగినట్టు రుజువు కావాలి. ఆఫీసు లోపలి మీటింగ్ ఆ లెక్కలోకి వస్తుందా అన్నదాని మీదే వాదన నడుస్తుంది. మొదటి ఉత్తరంలో జైలు మాటెత్తితే కంపెనీ లాయర్ దిగుతాడు, హెచ్‌ఆర్ నోరు మూసుకుంటుంది. ముందు సమాన అవకాశాల పాలసీ కాపీ అడగండి. సెక్షన్ 21 ప్రకారం అది ఉండి తీరాలి, అందులో లైజన్ ఆఫీసర్ (వికలాంగ ఉద్యోగుల నియామకం, సదుపాయాలు చూసే అధికారి) వివరం ఉండాలి. లేదంటే అదే మీ మొదటి పాయింటు. లోపల తేలకపోతే వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కి రాయండి, అక్కడ ఫిర్యాదు తేల్చడానికి 60 రోజుల గడువు.

నిశ్శబ్ద_కీబోర్డు:
విచారణకు కూర్చోబెడితే మాట పెగలదు. ఫిర్యాదు పెట్టాక పనితీరు బాలేదని మెమో ఇస్తే?

పేరోల్_పక్కసీటు:
ప్రశ్నలు రాతలో ఇమ్మని, జవాబుకి రెండు రోజులు కావాలని ముందే మెయిల్ పెట్టండి. ఇది కూడా సర్దుబాటే. మెమో వస్తే వాదనకి దిగొద్దు, మీ మెయిళ్ల తేదీలు వరుసగా పేర్చి జవాబివ్వండి. ధరీవాల్ కేసు (డిసెంబర్ 2021) కూడా ఉదహరించండి: తప్పుగా చూపిన ప్రవర్తనకు మానసిక వైకల్యం ఒక కారణమైనా, దాని మీద క్రమశిక్షణ చర్య పరోక్ష వివక్షేనని సుప్రీంకోర్టు అంది. వేళాకోళంలో లైంగిక మాటలుంటే, బాధితురాలు మహిళ అయితే అది ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీ దారి. ఫిర్యాదు పెట్టే గడువు మూడు నెలలే, ఆలస్యం చేయొద్దు.