నాన్న మతిమరుపుకి నడక నిజంగా పనిచేస్తుందా?

కంటోన్మెంట్ కుర్రాడు:
మా నాన్నకి 68. ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. సాలూరు దాటాక ఘాట్‌లో ఏ మలుపు దగ్గర ఏ గేరు వెయ్యాలో ఇప్పటికీ చెప్తారు గానీ, పోయిన నెల విజయనగరంలో మా గంటస్తంభం దగ్గరికి కూరగాయలకని వెళ్లి, స్కూటీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశారు. సాయంత్రం బయటికొచ్చి చూసుకుని, బండి ఎవడో ఎత్తుకుపోయాడని వీధంతా గోల. పక్కింటి అబ్బాయి వెతికి తెచ్చాడు, తాళం బండికే ఉందట. నేను బెంగళూరులో ఉంటాను. అమ్మ ఫోన్లో నవ్వుతూనే చెప్పింది, చివర్లో మాత్రం గొంతు మారింది.

షుగర్‌కి 12 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్, బీపీకి ఒక మాత్ర. మోకాళ్ల నొప్పులని రెండేళ్ల కిందట నడక మానేశారు, అప్పట్నుంచి రోజంతా టీవీయే, అదీ వీధి చివరికి వినపడేంత సౌండుతో. డాక్టరుకి చూపిస్తే రెండు నిమిషాల్లో "వయసు కదండీ" అని పంపేశారు. తమ్ముడేమో ఫోన్లో బ్రెయిన్ గేమ్స్ ఎక్కించి ఇచ్చాడు, రెండ్రోజులు ఆడి పక్కన పడేశారు. నడిస్తే జ్ఞాపకశక్తి బాగుపడుతుందని అందరూ అంటున్నారు. నిజమేనా, లేక వాట్సాప్ కబురా? నిజమైతే ఎంత నడవాలి, మోకాళ్లు నొప్పి అనే మనిషిని కుర్చీలోంచి ఎలా లేపాలి?

శ్రీకాకుళం ఫిజియో:
వాట్సాప్ కబురు కాదు తమ్ముడూ, కానీ వాట్సాప్‌లో చెప్పినంత మహత్తూ లేదు. మెదడులో హిప్పోక్యాంపస్ అని చిన్న భాగం ఉంది, బండి ఎక్కడ పెట్టాం, పొద్దున్న ఏం తిన్నాం లాంటి కొత్త సంగతులు ముందు అక్కడే నమోదవుతాయి. ఘాట్ మలుపులు ఎప్పుడో గట్టిపడిపోయాయి కాబట్టి పోలేదు, కొత్తది పట్టుకోవడం దగ్గరే ఇబ్బంది. పెద్ద వయసులో ఈ భాగం ఏటా ఒకటి రెండు శాతం కుంచించుకుపోతుంది. అమెరికాలో కిర్క్ ఎరిక్సన్ వాళ్ల బృందం 55 నుంచి 80 ఏళ్ల లోపు 120 మందిని తీసుకుని సగం మందిని వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున నడిపించింది, మిగతా సగం మందితో ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేయించింది. ఏడాది తిరిగేసరికి నడిచినవాళ్లకి హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది, రెండో గుంపుకి 1.4 శాతం తగ్గింది. ఇది 2011లో వచ్చిన ఫలితం.

అయితే నడక అంటే తీర్థంలో కొట్లు చూసుకుంటూ తిరగడం కాదు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత వేగం ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వారానికి కనీసం 150 నిమిషాలు, 65 దాటితే తూలకుండా నిలబడే వ్యాయామాలు, కండబలం పెంచేవి కూడా.

మీ నాన్నగారికి నేనైతే కుర్చీతో మొదలుపెడతాను. చేతుల్లేని కుర్చీని గోడకి ఆనించి, ఆయన్ని చేతులు గుండెల మీద కట్టుకోమని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి. పక్కన ఒకరు నిలబడాలి. ఆ వయసు మగవాళ్లకి 12 కన్నా తక్కువ వస్తే కాళ్లలో బలం తగ్గినట్టు. పరీక్షా అదే, వ్యాయామమూ అదే. తొడ కండ గట్టిపడితే మోకాలికి ఊతం దొరుకుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నొప్పని నడక మానేసి, మానేసినందుకే నొప్పి పెంచుకున్నవాళ్లు బోలెడుమంది.

రక్తం తీసేవాణ్ణి:
నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్ని కాను. 12 ఏళ్లు మెట్‌ఫార్మిన్ అన్న దగ్గరే నా చూపు ఆగిపోయింది. ఎక్కువ కాలం వాడితే కొందరికి బి12 విటమిన్ పడిపోతుంది, దాంతో మతిమరుపూ రావచ్చు, అరికాళ్లు తిమ్మిర్లూ రావచ్చు. థైరాయిడ్ తగ్గినా మతిమరుపు వస్తుంది. ఇవి సరిచేసుకోగలిగేవి, వీటిని చూడకుండా వయసు మీదకి నెట్టేస్తే ఎలా. వేరే డాక్టరుకి చూపించి బి12, థైరాయిడ్ పరీక్షలు రెండూ చేయించండి, ఆయన వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి, నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు కూడా బుర్రని మందగింపజేస్తాయి. ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా, తలకి తగిలిందా అని అమ్మగారిని విడిగా అడగండి. పెద్దవాళ్లకి చిన్న దెబ్బకే లోపల నెమ్మదిగా రక్తం చేరి, వారాల తర్వాత తికమక మొదలవుతుంది. అలాంటిదేమైనా ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ఇంకోటి, ఆ టీవీ సౌండు. డిమెన్షియాకి, అంటే ముదిరే మతిమరుపు జబ్బుకి, 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక నిపుణుల కమిషన్ చెప్పిన 14 కారణాల్లో వినికిడి తగ్గడం ఒకటి, కదలకుండా కూర్చోవడం, బీపీ, షుగర్, ఒంటరితనం కూడా ఉన్నాయి. అన్నీ సరిచేయగలిగితే 45 శాతం దాకా డిమెన్షియా కేసులు ఆపడమో వెనక్కి నెట్టడమో వీలవుతుందని వాళ్ల అంచనా. చెవులు చూపించండి.

ఊరికే నమ్మను:
120 మంది కథ అందరూ చెప్తారు, 1635 మందితో చేసిన లైఫ్ ట్రయల్ అనే పరిశోధన గురించి ఎవరూ చెప్పరేం? 70 నుంచి 89 ఏళ్ల వాళ్లతో రెండేళ్లు వ్యాయామం చేయించారు, 2015లో చూస్తే ఆరోగ్య పాఠాలు విన్న గుంపుకీ వీళ్లకీ జ్ఞాపకశక్తిలో తేడా రాలేదు. ఆ అబ్బాయికి లేనిపోని ఆశ పెట్టకండి.

శ్రీకాకుళం ఫిజియో:
నిజమే, ఒప్పుకుంటాను. కానీ అదే ట్రయల్లో 80 దాటినవాళ్లకి, మొదట్లోనే బాగా బలహీనంగా ఉన్నవాళ్లకి ఆలోచించి పని చక్కబెట్టుకునే శక్తి కొంత మెరుగైంది. పైగా అదే 2015లో ఫిన్లాండ్‌లో 1260 మందికి తిండి, వ్యాయామం, మెదడుకి పని, బీపీ షుగర్‌ల మీద కన్ను, నాలుగూ కలిపి రెండేళ్లు చూస్తే మెదడు పనితీరు రెండో గుంపు కన్నా బాగుంది. నడక ఒక్కటే మందు అని నేననలేదు. నడక లేకుండా మిగతావి నిలబడవు అంటున్నాను.

సోంపేట:
ఒక్క మాట. నడిపించాలని చెప్పి మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొని వెయ్యకండి. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బు మా ఇళ్లల్లో ఎలా ఉందో చూస్తూనే ఉన్నాం, షుగర్, బీపీ ఉన్న మనిషికి ఆ బిళ్లలు మరీ ప్రమాదం. డాక్టరు రాస్తేనే. ఎండెక్కకముందే నడిపించండి.

అయ్యకోనేరు గట్టు:
మీ ఊరిదాన్నే బాబూ. వీళ్లు చెప్పినవన్నీ బాగున్నాయి కానీ "నడవండి, ఆరోగ్యానికి మంచిది" అంటే ఏ మగాడు లేచాడు? మావారికి నేనొక ఉపాయం చేశాను. పాలవాణ్ణి మాన్పించేసి, గట్టుకి అవతల ఉన్న బూత్‌లోనే పాలు కావాలన్నాను. వారం రోజులు సణిగారు. తర్వాత అక్కడ ఇద్దరు స్నేహితులు తగిలారు, ఇప్పుడు అరలీటరు పాలకి గంట పడుతుంది, ఎక్కడెక్కడి రాజకీయాలూ మోసుకొస్తారు. వచ్చాక చోడి అంబలి తాగుతూ అవన్నీ నాకు చెప్పాలి. ఎవరు ఏమన్నారో వరసగా చెప్పడం కూడా బుర్రకి పనే కదా. మొదట్లో పది నిమిషాలకే కూర్చుండిపోయేవారు, తొందరపెట్టకండి.

కంటోన్మెంట్ కుర్రాడు:
అందరికీ థాంక్స్, మూడు వారాల తర్వాత రాస్తున్నాను. వేరే డాక్టరు దగ్గర పరీక్షలు చేయించాం, థైరాయిడ్ బాగానే ఉంది, బి12 మాత్రం 142 వచ్చింది. రెండొందలు కూడా లేదు, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఎక్కడా పడలేదని అమ్మ చెప్పింది. కుర్చీ పరీక్షలో తొమ్మిది దగ్గర ఆగిపోయి, "ముప్పై ఏళ్లు సీట్లో కూర్చున్నోడిని ఒక్కసారే లెగమంటే ఎలాగరా" అన్నారు. ఇప్పుడు రోజూ రెండుసార్లు చేస్తున్నారట, నిన్న పదకొండు.

పాల ఉపాయం మా ఇంట్లో పారలేదు, అమ్మే వెంట వెళ్తోంది. గేటు దగ్గర నాన్న చెప్పులేసుకుని నిలబడతారు, అమ్మ తలుపు తాళం వేసి "రైట్ రైట్" అంటే అప్పుడు కదులుతారు. పదిహేను నిమిషాల దాకా వచ్చింది. జ్ఞాపకశక్తి సంగతి చెప్పడానికి ఇంకా తొందరే, నిన్న కూడా కళ్లజోడు ఫ్రిజ్ మీద దొరికింది.

చెవుల పరీక్షకి మాత్రం ససేమిరా అంటున్నారు. "నాకు బాగానే వినపడుతుంది, మీరే గొణుగుతారు" అట. దానికేమైనా ఉపాయం ఉంటే చెప్పండి.